పలికింది, తలుపు తీయలేదు

నెల్లూరులో కూర్చుని నేను చూసుకునే నెట్‌వర్క్ పరికరాల పట్టికలో చిట్టమూరు ఒక వరుస. ఒక ఐపీ అడ్రసు, దాని పక్కన ‘ఎన్‌ఎల్‌ఆర్-సీటీఎం’ అని మొదలయ్యే పేరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి చిట్టమూరు మండలం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ మా పట్టికలో పేరు మారలేదు. మార్చాలంటే దాన్ని పట్టుకుని ఉన్న బ్యాకప్ స్క్రిప్టులు, అలారాలు అన్నీ తిరగరాయాలి. ఎవరూ ఆ జోలికి పోలేదు. మా తెర మీద ఆ ఊరు ఇంకా నెల్లూరుదే.

ఆ వరుస మీద రెండుసార్లు నొక్కితే నల్ల తెర వస్తుంది, పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, ఆ తర్వాత నేను చిట్టమూరులో ఉన్నట్టే. ఏ పోర్టు లేచి ఉంది, ఏది పడిపోయింది, ఎవరింటి పెట్టెకు ఫైబర్‌లో ఎంత వెలుతురు అందుతోంది, స్విచ్ లోపల వేడి ఎన్ని డిగ్రీలు, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఊళ్ళో వాన పడిందో లేదో మాత్రం కనిపించదు. స్విచ్ వేడి ఉన్నట్టుండి ఏడెనిమిది డిగ్రీలు దిగితే పడిందని ఊహించుకునేదాన్ని. చాలా కాలం చిట్టమూరుతో నా పరిచయం ఇంతే.

నెల్లూరు సీమకు అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం కబుర్లు రైతులు ఎంత శ్రద్ధగా వింటారో మా ఆఫీసులోనూ అంత శ్రద్ధగా వింటారు. అలాంటి ఒక ముసురు వెలిసిన పొద్దున చిట్టమూరు స్విచ్ లాగిన్ ఇవ్వలేదు. పింగ్ కొడితే జవాబు వస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి పోబోతే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటోంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు ‘టైమ్డ్ అవుట్’, ‘రెఫ్యూజ్డ్’ ఒకటి కావు. తలుపు తట్టాక ఎంతసేపటికీ అలికిడి లేకపోతే అది మొదటిది. ఇంట్లో ఎవరూ లేరో, మనం వచ్చిన దారే తెగిందో, మధ్యలో ఫైర్‌వాల్ మన మాటను మింగేసిందో చెప్పలేం. రెండోదాంట్లో లోపలి మనిషి పలికి, లేదు పొమ్మంటాడు. అంటే పరికరం బతికే ఉంది, దారి బాగానే ఉంది, మన ప్యాకెట్ అక్కడిదాకా పోయింది, రీసెట్ ప్యాకెట్ వెనక్కి వచ్చింది. 22వ పోర్టు దగ్గర కాచుకుని ఉండాల్సిన ప్రోగ్రాం ఒక్కటే అక్కడ లేదు. సగం రోగం ఈ ఒక్క ముక్కతోనే బయటపడుతుంది. మిగతా సగం నెల్లూరు నుంచి కనపడదు.

ఆ ఊళ్ళో కనెక్షన్లు చూసే కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేశాను. యాభై దాటిన మనిషి, పెద్ద డిష్ యాంటెన్నాల కాలం నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాడు.

“లైట్లన్నీ ఎలగతానే ఉండాయి మేడం. టీవీ వస్తా ఉంది, నెట్టు వస్తా ఉంది. ఒక్క కంప్లైంటు లేదు. మీకేంది బాధ?”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. స్విచ్‌లో రెండు పనులు వేరువేరుగా సాగుతుంటాయి. ప్యాకెట్లను ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు తోసే పనికి వేరే చిప్ ఉంది. మనం లాగిన్ అయ్యి మాట్లాడేది పక్కనున్న చిన్న ప్రాసెసర్‌తో. ఆ ప్రాసెసర్ మనతో మాట్లాడటం మానేసినా చిప్ తన పని తాను చేసుకుపోతుంది, ఊళ్ళో సీరియళ్ళు ఆగవు. కొత్త ఇంటికి కనెక్షన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడో, ఏదో ఒక పోర్టు నిజంగా చెడినప్పుడో గానీ చిక్కు తెలియదు. అప్పుడు తెలిస్తే రాత్రి పదింటికి తెలుస్తుంది. ఇది మా వృత్తిలో అందరూ ఒప్పుకునే విషయం.

ఒకసారి కరెంటు తీసి వెయ్యమన్నాను. వేశాడు. మళ్ళీ అదే రెఫ్యూజ్డ్.

ఇలాంటప్పుడు మాకొక వాడుక వైద్యం ఉంది. లైన్ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుపోయి స్విచ్‌కు కన్సోల్ కేబుల్ తగిలిస్తాడు, తన సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఎనీడెస్క్ తెరిచి అందులో కనపడే అంకెలు ఫోన్లో చదువుతాడు. మేం ఇక్కడినుంచి అతని ల్యాప్‌టాప్‌లోకి, అందులోంచి స్విచ్‌లోకి దూరతాం. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పద్ధతి కనపడదు గానీ మా కోస్తా పల్లెల్లో ఎన్ని నెట్‌వర్కులు ఇలా బాగుపడ్డాయో లెక్కలేదు. ఆ వారం లైన్ కుర్రాడు మాల వేసుకుని శబరిమల పోయాడు. నేనే బ్యాగు సర్దుకున్నాను.

బ్యాగులో ముఖ్యమైనది కన్సోల్ కేబుల్. లేత నీలం రంగు చప్పటి తీగ. ఒక కొసన నెట్‌వర్క్ కేబుల్‌కు ఉండేలాంటి ఆర్‌జే-45, రెండో కొసన తొమ్మిది రంధ్రాల సీరియల్ కనెక్టర్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. చవక కన్వర్టర్లలో ప్రొలిఫిక్ చిప్‌కు నకిలీలు దండిగా వస్తాయి. కొత్త విండోస్ డ్రైవరు ఆ నకిలీని పసిగట్టి పనిచెయ్యనని మొరాయిస్తుంది, అదీ ఊరు చేరాక. అందుకని వేరువేరు చిప్‌లవి రెండు పెట్టుకుంటాను. ఈ తీగ మీద నడిచే ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. గాజు తీగలో వెలుతురు పరిగెత్తే ఈ రోజుల్లో కూడా అన్నీ మూసుకుపోయాక మిగిలే తలుపు అదే.

దాంతోపాటు ఒక చిన్న 4జీ రౌటర్ పెట్టుకున్నాను, సీరియల్ పోర్టు ఉన్నది. ఎటూ పోతున్నాను కదా, ఇలాంటి అవసరం మళ్ళీ పడితే రెండో దారి ఒకటి ఉంచి రావాలని.

నెల్లూరు నుంచి నాయుడుపేట బస్సు. వెంకటాచలం, మనుబోలు, గూడూరు. జాతీయ రహదారికి రెండు పక్కలా మళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొన్ని చోట్ల నాట్లు పడుతున్నాయి, కొన్ని చోట్ల నారుమళ్ళు మునిగి ఉన్నాయి. గూడూరు దగ్గర పక్క సీట్లోకి వచ్చిన పెద్దాయన నిమ్మకాయల మార్కెట్ నుంచి వస్తున్నట్టున్నాడు, చేతులు ఆ వాసనే. ఏ ఊరికి పోతున్నావని అడిగాడు. చిట్టమూరులో ఒక మిషను నెల్లూరు మాట వినడం లేదు, చూడబోతున్నానని చెప్పాను.

“ఇంత కంప్యూటర్లొచ్చినా బస్సెక్కే పోవాల్నా?”

మాకన్నా పెద్ద కంపెనీలకే తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. మన ఊళ్ళల్లో కూడా ఆ రాత్రి ఫోన్లు ఆపి ఆన్ చేసుకున్నవాళ్ళు ఎందరో. మర్నాడు ఆ సంస్థలో మౌలిక సదుపాయాలు చూసే సంతోష్ జనార్దన్ రాసిన వివరణలో అసలు సంగతి ఉంది. డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూడటానికి ఇచ్చిన ఒక ఆదేశం ఆ నెట్‌వర్క్‌ మొత్తాన్నీ తెంచేసింది. అలాంటి ఆదేశాలను ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రాంలో లోపం ఉండి అది ఆపలేదు. దూరం నుంచి లాగిన్ అయ్యే మామూలు దారి పోయింది, అత్యవసరానికని ఉంచుకున్న రెండో దారి కూడా పనిచెయ్యలేదు. చివరికి ఇంజనీర్లను డేటా సెంటర్లకు పంపారు. అక్కడి కట్టుదిట్టాలు దాటి పరికరాల దగ్గరికి చేరేసరికే చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడాది జులై 8న కెనడాలో రోజర్స్ కంపెనీకి ఇదే జరిగింది. కోటి మందికి పైగా ఫోనూ ఇంటర్నెట్టూ పోయాయి. బాగుచెయ్యాల్సిన ఉద్యోగులు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండటంతో వాళ్ళకు లోపలికి దారి లేకపోయింది. ఈ రెండు కథల్లోనూ నాకు గుచ్చుకునేది రెండో దారి లేకపోవడం కాదు. ఉందనుకున్న రెండో దారి మొదటి దాని మీదే ఆనుకుని ఉండటం. పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. తప్పదు తాతా, పోవాల్సిందే అన్నాను. ఆయన నాకో నిమ్మకాయ ఇచ్చాడు.

చిట్టమూరు స్విచ్‌కు ఇంకో తలుపు ఉండేది. టెల్‌నెట్, 23వ పోర్టు. అది తెరిచి ఉంటే ఈ బస్సు ప్రయాణం ఉండేది కాదు. 1969లో, ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ పుట్టిన ఏడాదే మొదలైన పద్ధతి అది. 1983లో ఇప్పటి రూపంలో ప్రమాణమైంది. ఒకచోట కూర్చుని ఇంకొకచోటి కంప్యూటర్‌తో నెట్‌వర్క్ మీద మాట్లాడే తొలి పద్ధతుల్లో అది ఒకటి. అయితే అప్పటివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎరిగినవాళ్ళు, తీగ మీద పోయే మాటను దాచాలని అనుకోలేదు. టెల్‌నెట్‌లో మనం కొట్టే పాస్‌వర్డు ఒక్కొక్క అక్షరం ఉన్నదున్నట్టుగా దారంతా ప్రయాణిస్తుంది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో కాపు కాసి పాస్‌వర్డులు ఏరుకుంటున్నారని బయటపడ్డాక అక్కడి తాతు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉందని చూసి ఆ నంబరు ఇమ్మని అడిగితే ఇచ్చేశారు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలు నడిచే తీరు తెలిసినవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు.

టెల్‌నెట్ అక్కడితో పోలేదు. చవక కెమెరాల్లో, ఇంటి రౌటర్లలో, ఫైబర్‌ను ఇళ్ళకు పంచడానికి చిన్న ఆపరేటర్లు కొనే ఓఎల్‌టీ పెట్టెల్లో ‘అడ్మిన్’, ‘అడ్మిన్’ అనే పాస్‌వర్డుతో బతికే ఉంది. 2016లో మిరాయ్ అనే పురుగు చేసింది ఇంతే. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న 23వ పోర్టులు వెతకడం, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు అరవై పైచిలుకు వరసగా కొట్టి చూడటం. అలా పట్టిన పరికరాలతోనే ఆ అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. మా పట్టికలో ఉన్న ప్రతి పెట్టెలోనూ 23 మూసేశాం. ఆ మూతవల్లనే ఈ రోజు బస్సెక్కాల్సి వచ్చినా, దాన్ని మళ్ళీ తెరవమంటే నేను ఒప్పుకోను.

నాయుడుపేటలో దిగేసరికి స్వర్ణముఖి ఎర్రగా పారుతోంది. అక్కడ హైవే వదిలి తూర్పుగా పోవాలి. షేర్ ఆటోలో వెనక నలుగురు, ముందు ఇద్దరు. ఊళ్ళు దాటేకొద్దీ చెరువులు, చెరువుకట్టల మీద తాటిచెట్లు, అలుగు పారుతున్న చోట వలలు పట్టుకున్న పిల్లలు. కరెంటు స్తంభాల మీద విద్యుత్ తీగల కింద నల్లటి తీగ ఒకటి వరసగా పోతుంటే నా చూపు దాని మీదే. ఏపీ ఫైబర్‌నెట్ తవ్వకాలు లేకుండా స్తంభాల మీదుగా ఊళ్ళకు వచ్చింది ఇలాగే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు నెట్టూ టీవీ ఫోనూ అన్నది పెద్ద వార్త. తర్వాత ప్రైవేటు ఆపరేటర్లు కూడా అదే దారి పట్టారు, ఒక్కో స్తంభానికి ఎవరెవరివో తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. తీగను స్తంభానికి బిగించి కడితే లోపలి గాజు వంగి వెలుతురు బయటికి కారిపోతుంది. మూడు డెసిబెల్స్ తగ్గితే సగం వెలుతురు పోయినట్టు. మైనస్ 27 డీబీఎం దాటి పడిపోతే ఇంట్లో పెట్టెకు ఏమీ కనపడదు, ఎర్ర లైటు మిణుకుతుంది. తెర మీద నేను చూసే ఆ అంకెలు ఈ ముడుల దగ్గర పుడతాయన్నమాట. ఒక మలుపులో తాటిమట్ట ఒకటి తీగ మీద పడి ఊగుతోంది. అది ఎవరి తీగో, ఏ ఊళ్ళో ఎర్ర లైటు మిణుకుతోందో.

పులికాట్ సరస్సు ఈ మండలాన్ని కూడా తాకుతుంది. దాని అవతల శ్రీహరికోట, ఇస్రో రాకెట్లు ఎగరేసే షార్ కేంద్రం. ఆటో డ్రైవరు నా బ్యాగులోంచి తొంగి చూస్తున్న తీగలు చూసి షారులో పనా అని అడిగాడు. కాదన్నాను. రాకెట్ పోయేటప్పుడు మేడెక్కి చూస్తామనీ, కాసేపటికి కిటికీ తలుపులు గడగడలాడతాయనీ చెప్పాడు. ఆ రాకెట్లు మోసుకుపోయినవన్నీ దూరం నుంచి మాట్లాడి బాగుచేసుకోవాల్సినవే కదా అనిపించింది. వాటికి కన్సోల్ కేబుల్ పట్టుకుని పోయేవాళ్ళు ఉండరు. 2023 నవంబరులో నాసా వ్యోమనౌక వాయేజర్-1 అర్థం కాని డేటా పంపడం మొదలుపెట్టింది. భూమి నుంచి ఒక ఆదేశం చేరడానికే ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ అంతే. ఒక మెమరీ చిప్ పాడైందని కనిపెట్టి, అందులో ఉండాల్సిన ప్రోగ్రాం ముక్కలు చేసి మిగిలిన ఖాళీల్లో సర్ది, ఏప్రిల్ 2024కి దాన్ని మళ్ళీ మాట్లాడించారు. రెండు సెకన్లు ఆలస్యమైతే కీబోర్డు మీద విసుక్కునే మాబోటివాళ్ళు ఆ సంగతి అప్పుడప్పుడు తలుచుకోవాలి.

చిట్టమూరులో ఆపరేటర్ బస్టాండు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ఫోన్లో ఎప్పుడూ మేడం అనే మనిషి, చూడగానే “రామ్మా, దావలో ఇబ్బంది పడలేదు గదా” అన్నాడు. పరికరాల గది వాళ్ళ ఇంటి వసారాకు ఆనుకున్న చిన్న గది. తెర మీద నేను రోజూ చూసే చిట్టమూరు ఇదా అని కాసేపు నిలబడిపోయాను. ఒక ఇనుప రాక్, అందులో ఓఎల్‌టీ, దాని కింద మా స్విచ్, టీవీ సిగ్నల్ యాంప్లిఫయరు, రంగురంగుల ప్యాచ్ కార్డులు. గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండర్. కింద ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ. స్విచ్ వెనక ఫ్యాను జాలీకి చిక్కటి దుమ్ము. వేడి అంకె ఎందుకు ఎప్పుడూ ఎక్కువ ఉండేదో తెలిసింది. ఆయన భార్య మజ్జిగ తెచ్చి, “ఏం పాపా, ఇంత చిన్నదానివా, ఆయనేమో మేడం మేడం అని భయపడతా ఉంటాడు” అంది.

కేబుల్ తగిలించి, కన్సోల్‌తో మాట్లాడే పుట్టీ ప్రోగ్రాం తెరిచాను. 9600 వేగంతో చూస్తే తెరంతా గజిబిజి గుర్తులు. ఏదో ఒకటి కనపడుతోందంటే తీగ బాగుందని, వేగమే కలవలేదని అర్థం. 115200కి మారిస్తే మాటలు నిలబడ్డాయి. కరెంటు తీసి వేసి, పరికరం లేచేటప్పుడు చెప్పే మాటలు మొదటినుంచీ చదివాను. దూరం నుంచి లాగిన్ అయితే ఈ మాటలు ఎప్పుడూ కనపడవు. మనం లోపలికి పోయేసరికి లేవడం అయిపోయి ఉంటుంది. అక్కడే దొరికింది. ఫ్లాష్ మెమరీని తనిఖీ చేస్తూ ఒక ఫైలు చెడిందని, తీసేశానని చెప్పింది. కాన్ఫిగరేషన్ ఫైలు పదిలంగా ఉంది, అందుకే ఊళ్ళో అందరికీ నెట్టు వస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు దాచుకునే ఫైలు మాత్రం పోయింది. తాళం లేకుండా ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం లేవదు. లేవకపోతే 22వ పోర్టు దగ్గర ఎవరూ ఉండరు. రెఫ్యూజ్డ్.

మందు ఒక్క వరుసే. కొత్త ఆర్‌ఎస్‌ఏ తాళం, 2048 బిట్లది, తయారుచెయ్యమని చెప్పడం. ఆ చిన్న ప్రాసెసర్‌కు అది పెద్ద లెక్క, కాసేపు ఆగి తీరాలి.

ఆ తర్వాతి ఘట్టం నాకు ఇష్టమైనది. నెల్లూరులో ఉన్న మా సహోద్యోగిని లాగిన్ కమ్మన్నాను. ఆమె తెర మీద పెద్ద హెచ్చరిక వచ్చింది: ఇంతకుముందు చూసిన తాళం ఇది కాదు, మధ్యలో ఎవరో దూరి ఉండొచ్చు అని. చాలామంది ఇక్కడ చదవకుండా ‘సరే’ నొక్కేస్తారు. ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చే రక్షణ అంతా ఆ ఒక్క నొక్కుతో పోతుంది. తీగ మీద వచ్చిన తాళం అసలైనదేనా అన్నది తీగను అడిగి తెలుసుకోలేం కదా. అందుకని నేను స్విచ్ ముందు కూర్చుని కన్సోల్లో కనపడుతున్న వేలిముద్రను, అంటే తాళానికి గుర్తుగా ఉండే ఆ అక్షరాల వరసను, ఫోన్లో చదివాను. చిన్న ఏ, పెద్ద క్యూ, ఏడు, పెద్ద జడ్. ఆమె తన తెర మీద ఒక్కొక్కటి సరిచూసుకుంది. ఆపరేటర్ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. “ఏందమ్మా అది, మంత్రమా?” అన్నాడు. నేను దిగి వచ్చినందుకు ఫలితం ఇదే అనుకున్నాను. ఆ రెండు వరసలూ ఒకటేనని చెప్పగల మనిషి ఆ పూట ఆ గదిలోనే ఉండాలి.

అయితే ఫైలు ఎందుకు చెడింది? మెమరీలో ఏదో రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఇలా అవుతుంది. ‘షో వెర్షన్’ కొడితే చివరిసారి ఎందుకు లేచావంటే ‘పవర్-ఆన్’ అని చెబుతుంది, అంతకుమించి చెప్పదు. పైగా ఈ స్విచ్‌కి లోపల గడియారపు బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే ఎన్‌టీపీ సర్వర్ నుంచి సమయం తెచ్చుకునేదాకా 1993 మార్చి 1న ఉంటుంది. దాని సొంత లాగ్ నమ్మడానికి లేదు. నెల్లూరు సర్వర్‌కు చేరిన లాగ్ తీసి చూస్తే, వానల ముందు నుంచే ఇది రోజు మార్చి రోజు ఆరిపోయి లేస్తోంది. అదీ పొద్దు గూకే వేళ, లేకపోతే తెల్లవారుజామున. కరెంటు కోతే అనుకుందామంటే ఇన్వర్టర్ ఉంది. తెర మీద ఈ అంకెలు ఎంతసేపు చూసినా అంతకు మించి ఏమీ కనపడదు.

ఆయనను అడిగాను. “సాయంత్రం గుంటల్లో మోటార్లేస్తారు గదమ్మా” అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

కోట, వాకాడు, చిట్టమూరు వైపు రొయ్యల గుంటలు ఎన్నో. పగలు నీళ్ళల్లోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, పొద్దు గూకాక అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. రాత్రంతా నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందే. తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ మరీ తగ్గుతుంది కాబట్టి అప్పుడు మిగిలినవి కూడా వేస్తారు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆయన ఇల్లు లైను చివర ఉంది. చీకటి పడేదాకా ఉండి చూశాను. ఒక్కసారిగా వసారాలో బల్బు మసకబారి, మిణుకుమని, మళ్ళీ వెలిగింది. రాక్‌లో స్విచ్ లైట్లన్నీ ఆరి, కాషాయరంగు లైటు ఒకటి వెలిగింది. రీస్టార్ట్. నా కళ్ళముందే.

ఇన్వర్టర్ మాత్రం నిమ్మళంగా ఉంది. వెనక్కి వంగి చూస్తే ఒక చిన్న మీట, దాని పక్కన రెండు రాతలు: నార్మల్, యూపీఎస్. అది నార్మల్‌లో ఉంది. ఆ స్థితిలో ఇన్వర్టర్ వోల్టేజి వంద దాకా పడిపోయినా మెయిన్ కరెంటునే లోపలికి వదులుతుంది, ఫ్యానుకు, బల్బుకు అది చాలు. యూపీఎస్ స్థితిలో నూట ఎనభై కిందికి పోగానే రెప్పపాటులో బ్యాటరీకి మారుతుంది. మీట జరిపాను. 4జీ రౌటర్‌ను కన్సోల్ పోర్టుకు కట్టి, నెల్లూరు నుంచి ఆ దారిలో లోపలికి రమ్మన్నాను. సెల్ కంపెనీలు సాధారణంగా సిమ్‌కు సొంత పబ్లిక్ అడ్రసు ఇవ్వవు, బయటినుంచి దాన్ని పిలవలేం. అందుకని రౌటరే మా సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ చేసి ఆ దారిని తెరిచి పట్టుకునేట్టు ఏర్పాటు చేశాను. సహోద్యోగిని వచ్చింది, ప్రాంప్ట్ కనపడుతోందని చెప్పింది. ఫైబర్ తీసేసి చూశాం, ఆ దారి నిలబడింది. కానీ ఆ రౌటర్ ప్లగ్గు కూడా అదే ఇన్వర్టర్‌లో ఉంది. బస్సులో తలుచుకున్న కథ ఇక్కడా ఉంది.

ఆపరేటర్ మీట వంక చూసి తల ఊపాడు. “నేనే నార్మల్‌లో పెట్టినానమ్మా. యూపీఎస్‌లో పెడితే మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతాది. ఇదేమో పాత బ్యాటరీ, ఒక గంట కూడా లాగదు. రాత్రి నిజంగా కరెంటు పోతే ఊరంతా టీవీ ఆగతాది, జనం నన్ను తిడతారు. మీ స్విచ్ ఒక నిమిషం ఆగితే ఎవురికీ తెలీదు.”

దానికి నా దగ్గర జవాబు లేదు, కొత్త బ్యాటరీ తప్ప. అది పదిహేను వేలకు తక్కువ రాదని ఆయన, స్విచ్ మీది కాబట్టి సగం మీరు పెట్టుకోవాలని ఆయన భార్య. ఆఫీసుకు ఫోన్ చేశాను. పరికరాలకైతే బడ్జెట్ ఉంది, బ్యాటరీ ఆపరేటర్ బాధ్యత అన్నారు. స్పీకర్లో పెట్టమన్నాడు ఆయన. పెట్టాను. నాయుడుపేటకు ఆఖరి ఆటో పోయిందని తెలిసేసరికి ఇంకా వాళ్ళ మాట తెగలేదు. మీట యూపీఎస్‌లోనే ఉంచి, ఆ రాత్రికి వాళ్ళింట్లోనే పులుసన్నం తిన్నాను.